తాతగారి గొంతును ఏ డిస్క్‌లో దాచాలి?

ప్రశ్న: మా తాతగారు హరికథలు చెప్పేవారు. 1980ల్లో రికార్డు చేసిన 11 క్యాసెట్లు ఇంట్లో ఉన్నాయి. 2005లో వాటిని సీడీల్లోకి ఎక్కించాం. ఇప్పుడు సగం సీడీలు కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు. అంతా ఒక ఎస్‌ఎస్‌డీలో వేసి బీరువాలో పెట్టేద్దామని మా అబ్బాయి అంటున్నాడు. కథల పాఠం ఎలాగూ నోటు పుస్తకాల్లో ఉంది. ఏ ఎస్‌ఎస్‌డీ కొనమంటారు?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: క్యాసెట్లు పారేయలేదు, చాలా సంతోషం. అసలు ప్రతి అదే. బీరువాలో పెట్టడానికి మాత్రం ఎస్‌ఎస్‌డీ కొనకండి. అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో సూక్ష్మమైన గదుల్లో ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి పడుంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది. ఎన్నిసార్లు రాయొచ్చో ఆ పరిమితి మొత్తం వాడేసిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది నిలిస్తే చాలన్నది ఆ పరిశ్రమ ప్రమాణం. కొత్తది ఇంకా ఎక్కువే ఆగుతుంది, కానీ మే నెలలో మన బీరువాలు 30 డిగ్రీల దగ్గర ఉండవు కదా. మీ సీడీలది వేరే జబ్బు. రికార్డు చేసుకునే సీడీలో సమాచారమంతా ఒక రంగు పొరలో ఉంటుంది. వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది.

మళ్లీ క్యాసెట్ దగ్గరే మొదలుపెట్టండి. ముందు ప్రతి క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున కూడా దానిమీద రికార్డు కాదు. మా అమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్ మీద మా ఇంట్లోనే ఎవరో క్రికెట్ కామెంటరీ రికార్డు చేసేశారు. ఆ పాటలు మళ్లీ దొరకలేదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే డెక్‌లో, అంటే క్యాసెట్ ప్లేయర్‌లో పెట్టకండి, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. డెక్‌లో టేపును చదివే హెడ్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. తాతగారి చిడతల చప్పుడు వింటూ దాన్ని కొద్దికొద్దిగా తిప్పితే, ఒకచోట ఆ మోత గణగణమని స్పష్టమవుతుంది. అక్కడ ఆపి రికార్డు చేయండి. కంప్యూటర్‌లో రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ప్రోగ్రాం చాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా దాచండి, గంటకు ఒక జీబీ పడుతుంది. శబ్దం శుభ్రం చేసే పని ఏదైనా కాపీ మీదే చేయండి.

నోటు పుస్తకాలు ఉన్నాయి కదా అనుకోకండి. అన్నమయ్య సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలో ఒక అరలో దాచారు. శతాబ్దాల తర్వాత, 1922లో అవి వెలుగులోకి వస్తే 12,000కు పైగా కీర్తనలు మనకు దక్కాయి. రేకుల మీద రాగం పేరు ఉంది. ఆయన పాడిన వరస మాత్రం లేదు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో చాలావరకు తర్వాతివాళ్లు కట్టినవే. రాగి ఏమీ మరిచిపోలేదు, నోళ్లు మరిచిపోయాయి.

నోళ్లే దాచిన చదువూ ఉంది. వేదం ఘనపాఠం విన్నారా? ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అంటూ పదాలను ముందుకీ వెనక్కీ అల్లుతూ చెబుతారు. ఒక్క పదం జారినా అల్లిక తప్పి అక్కడే దొరికిపోతుంది. కంప్యూటర్‌లో చెక్‌సమ్, అంటే ఫైలు మొత్తం నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య, చేసే పని అదే. 7-జిప్ అనే ప్రోగ్రాం వేసుకుంటే ఫైలు మీద రైట్ క్లిక్‌లో ఎస్‌హెచ్‌ఏ-256 అనే చెక్‌సమ్ లెక్క వస్తుంది. దాన్ని నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. రెండు మామూలు హార్డ్ డిస్కులు కొనండి, ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర. మూడో ప్రతి క్లౌడ్‌లో. ఏటా తాతగారి ఆబ్దికం రోజున డిస్క్ పెట్టి, లెక్క సరిపోయిందో చూసి, ఒక కథ అందరూ కూర్చుని వినండి.

ప్రశ్న: నాన్నగారి పద్యాల పుస్తకాన్ని 1999లో పేజ్‌మేకర్ అనే పుస్తకాలు కూర్చే ప్రోగ్రాంలో టైపు చేయించాం. ఇప్పుడు ఫైల్ తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గీతలు వస్తున్నాయి. అచ్చు ప్రతి ఒక్కటే మిగిలింది.
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ ఫైలు పాడవలేదమ్మా, దాన్ని చదివే తాళంచెవి పోయింది. ఆనాటి డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టేవి. ఏ ఫాంటుది ఆ పట్టికే. యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే ఉమ్మడి పద్ధతిలో అలా కాదు, 'క'కు 3093 అనే సొంత సంఖ్య ఉంది, అది ఏ ఫాంటులోనైనా మారదు.

ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. ఇంగ్లండ్‌లో 1086 నాటి భూముల లెక్కల పుస్తకం డూమ్స్‌డే బుక్ గొర్రెతోలు మీద ఉంది, నేటికీ చదవొచ్చు. దాని 900 ఏళ్ల సందర్భంగా 1986లో బీబీసీ జనం రాసిన విశేషాలు, ఫొటోలు లేజర్ డిస్కుల్లో దాచింది. ఇరవై ఏళ్లు తిరగకముందే వాటిని ఆడించే యంత్రాలు దొరకడం గగనమైంది.

ఫైలులో ఏ ఫాంటు వాడారో చూడండి. అను, శ్రీలిపి లాంటి వాటినుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. ఒత్తులూ క్రావడీ తారుమారు అవుతుంటాయి, అచ్చు ప్రతితో పోల్చి దిద్దాల్సిందే. పద్యాలు కాబట్టి మీకో సదుపాయం ఉంది. గణం తప్పినచోట, యతి కుదరనిచోట అక్షరమేదో జారిందని తెలిసిపోతుంది. దిద్దాక సాదా టెక్స్ట్ ఫైలుగా ఒకటి, పీడీఎఫ్‌గా ఒకటి ఉంచండి. అచ్చు పుస్తకాన్ని 600 డీపీఐలో స్కాన్ చేయడం ఈ వారమే మొదలుపెట్టండి.

ప్రశ్న: అటక మీద తాళపత్రాల కట్ట దొరికింది. లామినేషన్ చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దయచేసి వద్దు. ఆ వేడికి ఆకు పెళుసెక్కి విరుగుతుంది, మళ్లీ ఊడదీయలేం. నూనె కూడా సొంతంగా రాయకండి. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, కిటికీ పక్కన ఏటవాలు వెలుతురులో ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీయండి. ఘంటంతో గీసిన అక్షరాలు మసి రాలిపోయినా ఆ వెలుతురులో నీడలుగా తేలతాయి. ఆకుల వరస మార్చకండి. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, ఆ ఫొటోలు పట్టుకెళ్లి చూపించండి.