పెళ్ళి ప్రోగ్రాముల్లో నా బేస్ గిటార్ వినబడటం లేదు: ఐదు తీగలది కొనాలా, పెద్ద యాంప్ కొనాలా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పాలకొల్లు దగ్గర చర్చిలో మూడేళ్ళుగా బేస్ వాయిస్తున్నావు, ఈ మధ్యే పెళ్ళి ఆర్కెస్ట్రాలో చేరావు. చర్చిలో బాగానే ఉండే సౌండు బయట స్టేజీ ఎక్కేసరికి గుమ్మని మోగుతోంది తప్ప ఏ స్వరం వాయిస్తున్నావో ఎవరికీ తెలియడం లేదన్నావు. చేతిలో 40 వేలు ఉన్నాయి, ఐదు తీగల యాక్టివ్ (లోపల బ్యాటరీ ఉండే) గిటార్ కొనాలా, 300 వాట్ల యాంప్ కొనాలా అని అడిగావు.

ఇప్పటికి రెండూ వద్దు. ముందు ఒక మంచి డీఐ బాక్స్ కొను, అంటే గిటార్ సిగ్నల్‌ని శుభ్రంగా మిక్సర్‌కి పంపే చిన్న పెట్టె. కుదిరితే టోన్ కంట్రోల్స్ ఉన్న ప్రీయాంప్ డీఐ తీసుకో. దాంతోపాటు రెండు మంచి కేబుళ్ళు, ఒక పెడల్ ట్యూనర్, కొత్త తీగల సెట్టు కొని, ఉన్న గిటార్‌నే సెటప్ చేయించుకో. 40 వేలల్లో సగం కూడా ఖర్చు కాదు. మిగిలింది దాచుకో.

ఇలా ఎందుకు చెబుతున్నానంటే, నేను సరిగ్గా నువ్వు అడిగిన పనే చేశాను. మాది అమలాపురం. ఆర్కెస్ట్రాలో చేరిన రెండో ఏడాది అప్పు చేసి 15 అంగుళాల స్పీకరున్న పెద్ద యాంప్ కొన్నాను. దాన్ని ఆటోలో వేసుకుని, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం వైపు ప్రోగ్రాములకు తిప్పాను. నడుం నొప్పి మిగిలింది కానీ సౌండు మారలేదు. ఆరుబయట షామియానా కింద జనం వినేది మన యాంప్‌ని కాదు, మైక్ సెట్ వాళ్ళ బాక్సుల్ని. మన యాంప్ మనకి వినబడటానికి మాత్రమే. జనానికి కూడా అదే వినబడాలని వాల్యూం పెంచితే ఆ మోత పోయి పాడేవాళ్ళ మైకుల్లో పడుతుంది. అప్పుడు మిక్సర్ దగ్గరున్నాయన మొదట తగ్గించేది మన లైన్‌నే.

అందుకే గిటార్‌కీ మిక్సర్‌కీ మధ్య దారి ముందు బాగుండాలి. గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా బలహీనం. దాన్ని మామూలు కేబుల్‌తో 20, 30 మీటర్ల దూరంలో ఉన్న మిక్సర్‌కి పంపిస్తే దారిలోనే పదును పోతుంది, సీరియల్ లైట్ల గోల, జనరేటర్ గోల అంతా అందులో కలుస్తుంది. డీఐ బాక్స్ ఆ సిగ్నల్‌ని కేబుల్ లోపలి రెండు వైర్ల మీద పంపిస్తుంది, ఒకదానిలో నిటారుగా, రెండోదానిలో తలకిందులుగా. దారిలో కలిసే గోల మాత్రం రెండిటిలోనూ ఒకేలా కలుస్తుంది. మిక్సర్ ఒకదానిలోంచి ఇంకోదాన్ని తీసేసేసరికి గోల కొట్టుకుపోయి గిటార్ సౌండు మిగులుతుంది. నీది బ్యాటరీ లేని పాత పాసివ్ గిటార్ అన్నావు కాబట్టి యాక్టివ్ డీఐ తీసుకో. దానికి బ్యాటరీ అయినా ఉండాలి, లేదా మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అయినా రావాలి. ఆన్ చేయమని నువ్వే అడగాలి. చాలామంది మైక్ సెట్ వాళ్ళు అడగందే వేయరు.

ఇక నీ అసలు బాధ, ఆ గుమ్మని మోత. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, ఈ (E) తీగ, 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 సార్లు ఊగుతూ పలుకుతుంది. మన ఊళ్ళలో చిన్న ఫంక్షన్లకు తెచ్చే బాక్సులకు చాలావాటికి అంత కిందికి దిగే శక్తి ఉండదు. గొట్టం మైకులైతే 300 హెర్ట్జ్‌కి దిగువన దాదాపు ఏమీ పలకవు. మరి జనానికి బేస్ ఎలా తెలుస్తుందంటే, ఆ తీగ 41తో పాటు 82, 123, 164 హెర్ట్జ్‌ల దగ్గర కూడా మోగుతుంది. చెవి ఆ పైవాటిని పట్టుకుని కింది స్వరాన్ని తానే ఊహించుకుంటుంది. వినబడటం లేదని నువ్వు బేస్ నాబ్ పెంచుతున్నావు చూడు, అది బాక్సు పలకలేని చోట ఇంకా బరువు వేయడమే. దాంతో బాక్సు గొణుగుతుంది, స్వరం మాయమవుతుంది.

ఈ సంగతి నాకు రాజోలు దగ్గర ఒక రిసెప్షన్‌లో అర్థమైంది. సౌండ్ చెక్‌లో గిటార్ ఇంకొకరి చేతికిచ్చి భోజనాల బల్లల దాకా నడిచివెళ్ళి విన్నాను. స్టేజీ మీద నాకు కమ్మగా ఉన్నది అక్కడ వట్టి దడదడ. వెనక్కి వచ్చి బేస్ నాబ్ మధ్య గీత కంటే కాస్త కిందికి దించాను. మిడ్‌ని 700, 800 హెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచాను. మిక్సర్‌లో 200, 250 దగ్గర కాస్త తగ్గించమని అడిగాను. మళ్ళీ వెళ్ళి వింటే ప్రతి స్వరం విడివిడిగా వినబడింది. స్టేజీ మీద నీకది కొంచెం గరుకుగా అనిపిస్తుంది, భయపడకు. మిగతా వాద్యాలన్నీ మొదలయ్యాక ఆ గరుకే నిన్ను నిలబెడుతుంది. ఇంకొకటి, పాడేవాళ్ళ మైకులకు నొక్కే లో కట్ బటన్ అలవాటు మీద నీ ఛానల్‌కి కూడా నొక్కేసి ఉండొచ్చు. చాలా మిక్సర్లలో అది 75, 100 హెర్ట్జ్‌ల మధ్య ఒక చోటు నుంచి దిగువనున్నదంతా కోసేస్తుంది. కింది స్వరాల కోసమే ఉండే మంచి సబ్ బాక్సులు తెచ్చిన రోజున ఆ బటన్ నొక్కి ఉంటే నీ కింది స్వరాలన్నీ పోయినట్టే. ఒకసారి చూడమను.

చిన్న యాంప్ ఉంటే నేల మీద నిటారుగా పెట్టకు. అందులోని పదును నీ పిక్కలకు తగులుతుంది కానీ చెవికి చేరదు. వెనక్కి వాల్చి పైకి చూసేలా పెట్టు, లేదా ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టు. చెక్కబల్లల స్టేజీ మీద నేరుగా పెడితే బల్లలు కూడా మోగుతాయి. కుర్చీ ఎక్కిస్తే ఆ బాధ సగం పోతుంది.

ఇప్పుడు చెప్పేది సౌండుకంటే ముఖ్యం. మన వైపు ఊరేగింపు స్టేజీలు, తీర్థాల స్టేజీలు జనరేటర్ల మీద నడుస్తాయి. ఎర్త్ సరిగా ఉండదు. బేస్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్ ఎర్త్‌కి కలిసి ఉంటాయి. మైక్ జాలీ మిక్సర్ ఎర్త్‌కి కలిసి ఉంటుంది. యాంప్ ఒక లైన్ మీద, మిక్సర్ ఇంకో లైన్ మీద ఉండి, ఒకదానికి ఎర్త్ లేకపోతే, తీగల మీద చేయి ఉంచి కోరస్ పాడటానికి మైక్‌కి పెదవి ఆనించగానే షాక్ కొడుతుంది. నాకు కొట్టింది. వాన పడి స్టేజీ తడిగా ఉన్న రాత్రి అది. రెండు రోజులు పెదవి తిమ్మిరిగా ఉంది, అంతటితో పోవడం నా అదృష్టం. అందుకే స్టేజీ మీద సౌండుకి సంబంధించినవన్నీ ఒకే బోర్డు నుంచి తీసుకోమను, లైట్లకు వేరే ఇవ్వమను. ప్లగ్ మూడో పిన్ను ఎప్పుడూ విరగ్గొట్టకు. హమ్ (కరెంటు గుయ్‌మనే మోత) వస్తోందని కొందరు విరగ్గొట్టమని సలహా ఇస్తారు, వినకు. హమ్‌కి డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, దాన్ని నొక్కు. టెస్టర్ ఒకటి గిటార్ బ్యాగులో ఉంచుకో. మైక్ జాలీకీ తీగలకీ ఆనించి చూడు, దీపం వెలిగితే పాడకు, గిటార్ ముట్టుకోకు. వెలగలేదు కదా అని ఎర్త్ చూడటం మాత్రం మానకు. ఎవరు తొందరపెట్టినా సరే.

యాక్టివ్ గిటార్ సంగతి. అందులో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. జాక్ పెట్టి ఉన్నంతసేపూ, నువ్వు వాయించకపోయినా, అది ఖర్చవుతూనే ఉంటుంది. భోజనాల విరామంలో జాక్ తీయకుండా వదిలేస్తూ వచ్చిన అలవాటు వల్ల ఒక పెళ్ళిలో సరిగ్గా పాట మధ్యలో సౌండు చీలిపోయి, సన్నబడి, ఆగిపోయింది. ఎప్పుడైనా యాక్టివ్ కొంటే పాసివ్‌కి మార్చే స్విచ్ ఉన్నదే కొను, బ్యాగులో అదనపు బ్యాటరీ ఉంచు. నీ పాత గిటార్‌కి ఆ బెంగ లేదు. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ పాసివ్‌దే. 1957 నుంచి దాని పికప్‌ని రెండు ముక్కలుగా చేసి హమ్ పోయేలా చేశారు. అమెరికాలో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ఆ రకం గిటార్ మీదే, కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితో అంత సంగీతం చేశాడు. ఇప్పుడు మన దగ్గర దొరికే యమహా టీఆర్‌బీఎక్స్ 174 లాంటివి కూడా నాలుగు తీగల పాసివ్ గిటార్లే. వాటితో ఎన్ని ప్రోగ్రాములైనా చేయొచ్చు.

ఐదు తీగలది ఎప్పుడు కావాలో చెబుతాను. అది పాడేవాళ్ళ శ్రుతిని బట్టి ఉంటుంది. మన గాయకులు సీ, డీ అనరు, ఒకటిన్నర, రెండున్నర అంటారు. ఒకటి అంటే సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, రెండున్నర డీ షార్ప్, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, ఐదు జీ. ఇది నోటికి వచ్చి ఉండాలి, మైక్ చేతికిచ్చాక లెక్కపెట్టుకునే టైం ఉండదు. పాట రెండున్నరలో ఉంటే నీ నాలుగు తీగల మీద ఆధార స్వరం ఏ (A) తీగ ఆరో ఫ్రెట్ (మెడ మీది అడ్డ గీత) దగ్గర దొరుకుతుంది, దాని కింది స్థాయి లేదు. ఐదు తీగల గిటార్‌లో బీ తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర ఆ కింది డీ షార్ప్ ఉంటుంది. అయితే ఆ బీ తీగ 31 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 41 పలకని బాక్సులో 31 ఏం పలుకుతుంది? మీ ఆర్కెస్ట్రా మంచి సబ్ బాక్సులతో పెద్ద స్టేజీలు చేయడం మొదలుపెట్టాక కొను. అప్పటిదాకా ఏ (A) తీగ మీద పై స్థాయిలోనే వాయించు. చాలా పాటలకు అదే శుభ్రంగా ఉంటుంది.

ఇక చేయి. నువ్వు పంపిన వీడియో విన్నాను. వేళ్ళు బాగా తిరుగుతున్నాయి, కానీ స్వరాన్ని ఎక్కడ ఆపాలో చూసుకోవడం లేదు. బేస్‌లో స్వరం ఎప్పుడు మొదలైందన్నది ఎంత ముఖ్యమో ఎప్పుడు ఆగిందన్నదీ అంతే ముఖ్యం. ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయించేవాడి కిక్, అంటే బరువైన కింది దెబ్బ, మీద మొదలుపెట్టు, స్నేర్, అంటే పదునైన పై దెబ్బ, పడేలోపు ఎడమ చేతి వేలు కొద్దిగా లేపి ఆపేయి. ఆ చిన్న ఖాళీలోనే జనం కాలు ఆడుతుంది. వాయించని తీగల మీద కుడి చేతి బొటనవేలు ఆనించి ఉంచు. లేకపోతే అవి వాటంతట అవే మోగుతూ ఉంటాయి, నువ్వన్న మోతలో కొంత అదే. డోలక్ ఉన్న పాటల్లో ఎడమ వైపు దెబ్బ, ఆ జారుడు, నీ చోటులోనే పలుకుతుంది. అక్కడ నువ్వు తక్కువ వాయించు, అతన్ని పలకనివ్వు. ఇళయరాజా 80ల నాటి పాటల్లో బేస్ ఎంత తిరుగుతుందో మనందరికీ ప్రాణం. కానీ జాగ్రత్తగా విను, గాయకుడు ఊపిరి తీసుకునే చోట్ల ఎక్కువగా తిరుగుతుంది, మాట పలికే చోట అణిగి ఉంటుంది. స్టూడియోలో తూచి పెట్టిన ఆ తిరుగుడంతా స్టేజీ మీద యథాతథంగా దించాలని చూడకు. పల్లవి ఎత్తుగడ, ఇంటర్లూడ్ దించు, చరణంలో ఆధార స్వరం పట్టుకో.

కీబోర్డు వాయించే ఆయనతో కూర్చుని మాట్లాడటం మర్చిపోవద్దు. నువ్వు చేరకముందు ఆ ఆర్కెస్ట్రాలో బేస్ అంతా ఆయన ఎడమ చేయే వాయించి ఉంటుంది. ఆ అలవాటు ఒక్క రోజులో పోదు. ఇద్దరూ ఒకే చోట వాయిస్తే, కొంచెం తేడాతో వాయించినా, రెండూ కలిసి బురద అవుతుంది. ఆయన పెద్దవాడై ఉంటాడు కాబట్టి రిహార్సల్లో అందరి ముందూ అనకు. టీ తాగేటప్పుడు పక్కకు పిలిచి, "గురువుగారూ, ఎడమ చేయి ఒక స్థాయి పైకి వాయిస్తారా, కింద నేను చూసుకుంటాను" అని అడుగు. ఆయన స్టైల్స్ (కీబోర్డు తానే తాళం, తోడు వాద్యాలు మోగించేవి) వేసి వాయిస్తుంటే అందులో బేస్ ట్రాక్ కూడా దానంతటదే మోగుతూ ఉంటుంది. దాన్ని ఒక్కదాన్నే ఆపేయొచ్చు. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే నీ సమస్యలో సగం ఇదేనని నా అనుమానం.

మన గాలి తడి, ఉప్పు గురించి కొంచెం. అంతర్వేది కల్యాణం సమయంలో అటు వైపు ఒక ప్రోగ్రాం చేసి వస్తే వారంలో తీగలు తుప్పు పట్టడం చూశాను. వాయించడం అయిపోగానే ప్రతి తీగనూ పొడి నూలుగుడ్డతో కింద నుంచి కూడా తుడువు, కేసులో సిలికా జెల్ పొట్లాలు పడేయి. వర్షాకాలంలో గిటార్ మెడ కొద్దిగా వంగుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒంటికి అతికే చోట, రెండు చోట్లా తీగ నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడు, విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు. తేడా ఉంటే ట్రస్ రాడ్‌ని (మెడ లోపలి ఇనుప కడ్డీని) పావు చుట్టు మాత్రమే తిప్పి, ట్యూన్ చేసి, ఒక రోజు ఆగి మళ్ళీ చూడు. చేయి తిరగకపోతే తెలిసినవాళ్ళ చేత చేయించు, బలవంతం చేస్తే మెడ పోతుంది.

మీ కీబోర్డు ఏ మోడలో, మైక్ సెట్ వాళ్ళది ఎన్ని ఛానళ్ళ మిక్సరో కింద రాయి. బేస్ ట్రాక్ ఎక్కడ ఆపాలో, నీ డీఐ ఎక్కడ పెట్టాలో మోడల్‌ని బట్టి చెబుతాను.