ఇంట్లో బిగించిన ఇంజిన్‌తో కారు రోడ్డెక్కవచ్చా?

ప్రశ్న: నా పాత పెట్రోల్ కారు ఇంజిన్ అరిగిపోయింది. స్క్రాప్ యార్డులో బ్లాకు (సిలిండర్లు ఉండే ఇంజిన్ ప్రధాన భాగం) కొని, బోరింగ్ చేయించి (అరిగిన సిలిండర్లను లోపల కాస్త వెడల్పు చేయించి), కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి ఇంట్లోనే ఇంజిన్ బిగించుకోవాలని ఉంది. చట్టప్రకారం తప్పా?

జవాబు: ఇంట్లో బిగించుకోవడం తప్పు కాదు. ఇంజిన్ ఎవరు, ఎక్కడ కట్టారన్నది మోటారు వాహనాల చట్టానికి పట్టదు. ఆర్‌సీలోని ఇంజిన్ నెంబరు, సీసీ, ఇంధనం బండితో సరిపోవాలి, అంతే. మీకు చిక్కల్లా ఆ స్క్రాప్ బ్లాకుతోనే, ఎందుకంటే నెంబరు పంచ్ అయి ఉండేది బ్లాకు మీదే.

పాత బ్లాకునే ఉంచి లోపలి సామాను మార్చుకుంటే అది మామూలు మరమ్మతు. బోరింగ్ మాత్రం సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన ఓవర్‌సైజు (సిలిండర్‌ను పెంచదగ్గ గరిష్ఠ వెడల్పు) దాటనివ్వకండి, బోరు పెరిగితే సీసీ కూడా పెరుగుతుంది. 72 మి.మీ. బోరు (సిలిండర్ వెడల్పు), 61 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న నాలుగు సిలిండర్ల ఇంజిన్ 993 సీసీ. బోరు అర మిల్లీమీటరు పెరిగితే 1007 సీసీ. థర్డ్ పార్టీ బీమా ప్రీమియం శ్లాబు 1000 సీసీ దగ్గరే మారుతుంది. మీ ఇంజిన్ అలా అంచున ఉంటే ఆర్టీవోకూ బీమా కంపెనీకీ రాసిచ్చి రసీదు తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

బ్లాకు మారుస్తున్నారంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. బిగించక ముందే ఆర్టీవో అనుమతి తీసుకోండి. అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌కైతేనే అడగండి, వేరే మోడల్ ఇంజిన్ మీద ఆశ పెట్టుకోకండి. కారు ఫైనాన్సులో ఉంటే వాళ్ల లిఖిత సమ్మతి కావాలి. మార్చిన 14 రోజుల్లో ఆర్‌సీ, ఫీజుతో వెళ్లి కొత్త నెంబరు ఎక్కించుకోవాలి. చట్టం ఒప్పుకోని మార్పు చేస్తే సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

యార్డువాడి దగ్గర ఇంజిన్ నెంబరు వేసిన బిల్లు, ఆ బ్లాకు వచ్చిన బండి ఆర్‌సీ నకలు తీసుకోండి. దొంగ సొత్తని తెలిసో, తెలిసే వీలుండో కొంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 మెడకు చుట్టుకుంటుంది. అంకెలు తుప్పులో మునిగి ఉంటే కిరోసిన్, వైర్ బ్రష్‌తో తుడవండి. గ్రైండర్ మాత్రం ఆనించొద్దు, రుద్దిన నెంబరు చూస్తే అనుమానం ముందు మీ మీదికే వస్తుంది.

సొంత డిజైన్‌తో మొదటి నుంచీ ఇంజిన్ కట్టి పెరట్లో స్టాండు మీద నడుపుకుంటే ఈ చట్టం అడ్డురాదు. దాన్ని కారులో పెట్టి రోడ్డెక్కించాలంటే మాత్రం కంపెనీలు ప్రోటోటైపును (తొలి నమూనా బండిని) పుణెలోని ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షా సంస్థల్లో పరీక్ష చేయించుకునే దారే మీకూ. ఒక్క బండి కోసం అది అయ్యే పని కాదు.

ఆర్‌సీలో నెంబరు మారగానే బీమా పాలసీలోనూ మార్పించి, ఆ మార్పును కంపెనీ ధ్రువీకరించే ఎండార్స్‌మెంట్ కాగితం తీసుకోండి. ప్రమాదం జరిగితే నష్టం లెక్కగట్టే బీమా సర్వేయరు పాలసీలోని ఇంజిన్ నెంబరును బండి మీది నెంబరుతో పోల్చి చూస్తాడు.