108లో ఈఎంటీ ఉద్యోగం నుంచి పారామెడిక్ బోధనలోకి మారాలంటే అనుభవం ఒక్కటే సరిపోతుందా?

నార్కట్‌పల్లి వైపు 108 అంబులెన్స్‌లో ఎనిమిదేళ్లు ఈఎంటీగా, అంటే పేషెంట్‌కు దారిలో అత్యవసర చికిత్స చేసే మనిషిగా, పనిచేశానన్నారు, ఇక పాఠాలు చెప్పాలని ఉందన్నారు. అనుభవం ఒక్కటే సరిపోదండి.

ముందు కాగితాల సంగతి. కాలేజీలు డిగ్రీ చూస్తాయి. డిప్లొమా దగ్గరే ఆగిపోయి ఉంటే బీఎస్సీ పూర్తి చేయండి. 2021లో అలైడ్ హెల్త్‌కేర్ (డాక్టర్లు, నర్సులు కాని వైద్య సిబ్బంది) వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం కూడా వచ్చింది కాబట్టి అర్హతల పట్టింపు పెరుగుతుందనే నా అంచనా. ఈలోపు బీఎల్ఎస్ (ప్రాణం నిలిపే ప్రాథమిక చికిత్స) నేర్పే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసుకోవచ్చు. దానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే కార్డు గడువు 2 ఏళ్లే, రెన్యువల్ మరిచిపోవద్దు.

అసలు కష్టం వేరే ఉంది. చేతికి వచ్చింది నోటికి రాదు. నేను బోధనలోకి మారిన కొత్తలో సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం) చూపిస్తూ "గట్టిగా నొక్కండి" అన్నాను. "ఎంత గట్టిగా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. పెద్దవాళ్లకైతే 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు అని చెప్పాను. "ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి ఎందుకు లేవనివ్వాలి?" అంది. అలా లేస్తేనే గుండెలోకి రక్తం మళ్లీ నిండుతుంది. అంత చిన్న జవాబుకు ఆ రాత్రి పుస్తకం తీయాల్సి వచ్చింది!

65వ నంబర్ హైవే మీద మీరు చూసిన యాక్సిడెంట్లే మంచి పాఠాలు. కాకపోతే పేషెంట్ పేరు, ఊరు చెప్పకండి.

జీతం మొదట్లో తగ్గొచ్చు, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఉద్యోగం ఇప్పుడే మానేయకుండా, మీ బండిలో కొత్తగా చేరినవాళ్లకు ఓ నెల నేర్పి చూడండి.