9కి పడుకోబెడితే 11కి గానీ నిద్రపోని నాలుగేళ్ల పాప: సమాధానం

మీ పాపది మొండితనం కాదండీ. 9కి పక్క ఎక్కించాక 11 దాకా నీళ్లు, బాత్రూం, ఇంకో కథ, పొద్దున 7కి లేపితే ఏడుపు అన్నారు. మధ్యాహ్నం 2:30 నుంచి 5 దాకా పడుకుంటుందనీ రాశారు. చిక్కంతా అక్కడే ఉంది. 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకి పగటి కునుకుతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. 5కి లేచిన పిల్లకి 9కి మళ్లీ నిద్ర ఎలా వస్తుంది?

కునుకుని 1 గంటకి జరిపి, 45 నిమిషాలకి లేపేయండి. రాత్రి 9కి పడుకోబెట్టే ప్రయత్నం కొన్నాళ్లు మానేసి, 10:30కి పక్క ఎక్కించండి. 20 నిమిషాల్లోపు నిద్రపోతుంటే, రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున తగ్గిస్తూ రండి. 9కి చేరడానికి రెండు మూడు వారాలు పడుతుంది. పొద్దున మాత్రం సెలవు రోజైనా 7 దాటనివ్వద్దు. చాలామందికి బెడిసికొట్టేది ఇక్కడే.

పడుకునే గంట ముందు టీవీ, ఫోన్ ఆపి లైట్లు తగ్గించండి. బాత్రూం, నీళ్లు, రెండు కథలు, రోజూ అదే వరుస. ఆ తర్వాత లేచి వస్తే "పడుకునే టైమమ్మా" అని ఒక్క మాటే చెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి పడుకోబెట్టండి. మొదటి మూడు నాలుగు రాత్రులు గోల పెరగొచ్చు. ఆరోసారి లొంగితే, ఆరుసార్లు అడగాలని నేర్చుకుంటుంది. వాళ్ల నాన్న కూడా ఇదే మాట మీద ఉండాలి. రాత్రి మార్చి రాత్రి ఆయనే పడుకోబెడితే మీకూ కాస్త ఊపిరాడుతుంది.

తరచూ గురక పెడుతున్నా, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.