విజయనగరం సర్క్యులర్ ఎకానమీకి మారితే జనం జీవితాల్లో ఏం మారుతుంది?

మొదట మారేది చెత్త ఏరుకుని బతికేవాళ్ళ పరిస్థితి. వాడి పారేసినదాన్ని మళ్ళీ సరుకుగా మార్చడమే సర్క్యులర్ ఎకానమీ. మన ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆ పని చేస్తున్నది వాళ్ళూ, పాత సామాన్లు కొనేవాళ్ళే. చెత్త సేకరణ మొత్తం ఒక్క కాంట్రాక్టరుకు అప్పగిస్తే అట్టలు, సీసాలు, ఇనుము అతని చేతికి పోతాయి, వీళ్ళకు పూట గడవదు. అందుకే 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వీళ్ళను సేకరణలో కలుపుకోవాలన్నాయి. గుర్తింపు కార్డు, గ్లౌజులు, తూకానికి సరైన రేటు ఇస్తే ఇదే మార్పు వాళ్ళకు ఉపాధి అవుతుంది. నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే.

ఇంట్లో తడి, పొడి చెత్త వేరుచేసే పని ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతుంది. దాన్ని ఎవరూ పనిగా లెక్కించరు, లెక్కించాలి.

పాడైనవాటిని పారేయకుండా బాగుచేసి వాడటం కూడా ఇందులో భాగమే కాబట్టి రిపేరు షాపులకు, టైలర్లకు గిరాకీ పెరుగుతుంది. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతా నిషేధం ఉంది. దాన్ని గట్టిగా అమలుచేస్తే గోనె సంచులకు డిమాండ్ వస్తుంది. జూట్ మిల్లులు మూతపడి పని పోయినవాళ్ళు ఈ జిల్లాలో ఉన్నారు, శిక్షణ, రుణాలు ముందు వాళ్ళకే ఇవ్వాలి.