పెట్రోల్ ట్యాక్స్ మన ఆర్టీసీ బస్సులకి వెళ్తుందా?

నెల్లూరులో బంకు కాడ కట్టే ట్యాక్స్‌తో కావలి పల్లెవెలుగు నడుస్తుందా అని అడిగారు కదా, నేరుగా అయితే కాదండీ. ఏపీలో పెట్రోల్ మీద 31 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను), దానిపైన లీటరుకి 4 రూపాయలు అదనపు వ్యాట్, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. వ్యాట్ అంతా ఖజానాలో కలిసిపోద్ది, అందులోంచి ఇంత బస్సులకి అని వాటా ఏం లేదు, సెస్సేమో రోడ్లకి. కేంద్రం వేసే రోడ్డు సెస్సు కూడా రోడ్లు, మౌలిక వసతుల ఫండ్‌కే.

ఆర్టీసీకి సర్కారు డబ్బు వేరే దారిలో వస్తది: 2020 జనవరి నుంచి సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి జీతాలు, 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్ళకిచ్చే ఫ్రీ టికెట్ల డబ్బులు. తమాషా ఏందంటే ఆ బస్సు పోసుకునే డీజిల్‌కీ ట్యాక్స్ కట్టాల్సిందే.