కూచింగ్ నుంచి లాంగ్‌హౌస్: ఒక్కరోజులో అవుతుందా?

శాకాహారి అయిన అమ్మగారితో మలేషియాలోని సరవాక్ రాష్ట్ర రాజధాని కూచింగ్ వెళ్లి, ఒక్కరోజులో బతాంగ్ ఆయ్ నది వైపు ఉన్న ఇబాన్ తెగవాళ్ల లాంగ్‌హౌస్ (ఎన్నో కుటుంబాలు ఒకే కప్పు కింద ఉండే పొడవాటి ఇల్లు) చూసి రావచ్చా అని అడిగారు కదా. ఒక్కరోజులో వద్దండీ. రోడ్డు మీదే నాలుగైదు గంటలు, ఆ తర్వాత పడవ. కనీసం ఒక రాత్రి ఉండేలా చూసుకోండి.

1985లో కట్టిన డ్యామ్ రిజర్వాయర్ దాటాక ఏరు సన్నబడుతుంది. అసలు ప్రయాణం అక్కడే. సన్నటి పొడుగు పడవ, వెనక ఇంజిన్ దగ్గర ఒకరు, ముందు గడకర్రతో ఇంకొకరు. నీళ్లు తక్కువుంటే అడుగున గులకరాళ్లు గరగరమంటాయి, ఇంజిన్ పైకెత్తి గడతో నెడతారు. ఒక్కోసారి మనమూ దిగాలి! అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఇది ముందే ఆలోచించండి. పాస్‌పోర్టు, ఫోను ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. కౌలాలంపూర్ నుంచి వెళ్లినా సరవాక్‌లో పాస్‌పోర్టు చూపించాల్సిందే.

తిండి గురించి టెన్షన్ వద్దు, కానీ "వెజిటేరియన్" అని ఊరుకోకండి. మాంసం, చేప, ఎండు రొయ్యలు, రొయ్యల ముద్ద ఏవీ వద్దని గైడ్‌కి విడమరిచి చెప్పండి. అన్నం, అడవి ఫెర్న్ ఆకుల వేపుడు దొరుకుతాయి. మన పచ్చడి సీసా ఒకటి ఉంటే ఇంకా నిశ్చింత.

రాత్రి అందరూ 'రువాయ్' అనే పొడవాటి వసారాలో చాపల మీద కూర్చుంటారు. 'తువాక్' అనే, బియ్యం పులియబెట్టి చేసే మద్యం ఇస్తారు. తాగకపోతే నవ్వుతూ వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు. కానుకలు పిల్లల చేతిలో పెట్టకుండా లాంగ్‌హౌస్ పెద్దకే ఇవ్వండి, ఆయన అన్ని కుటుంబాలకీ పంచుతారు.